రెండో అంతస్తు ఎండ

మార్చి 3, సోమవారం

ఈ నోటుబుక్కు ఎక్కడ దాచాలో ముందే చూసుకున్నాను. పాత రౌటర్ మాన్యువళ్ళ అట్టపెట్టె. ఈ ఇంట్లో ఆ పెట్టె మూత తీసే ఓపిక ఎవరికీ లేదు, నాతో సహా.

మా ఆవిడకి చెప్పకుండా దాచిన సంగతి నా జీవితంలో ఒక్కటే. ఇన్నాళ్ళూ అది బరువనిపించలేదు. ఇవాళ అనిపించింది.

ఆఫీసుకి అత్తగారు వచ్చింది. మా అత్తగారు కాదు, ఆవిడ బంగారం. ఇది కొత్త సాఫ్ట్‌వేర్. మా పార్సిల్ కంపెనీకి ముప్ఫై ఒక్క బ్రాంచీలు, నాలుగువందల పన్నెండు స్విచ్చులు. మొన్న ఎలక్ట్రీషియన్ "ఇన్ని స్విచ్చులకి బల్బులెక్కడ సార్?" అన్నాడు. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టెలయ్యా అని చెప్పినా నమ్మలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఒక్కొక్క పెట్టెలోకీ నేనే దూరి సెట్టింగులు రాశాను. ఇకమీదట అదేం కుదరదట. అచ్చు ఒకటి ఉంటుందట, మాస్టర్ ఫైలు. పెట్టెలన్నీ దానిలాగే ఉండాలి. అత్తగారు గంటగంటకీ నాలుగువందల పన్నెండింటినీ చుట్టి వచ్చి, ఎక్కడ గరిట పక్కకి జరిగిందో కనిపెడుతుంది. రెండు వారాలు ఊరికే చూసి రిపోర్టు రాస్తుంది. పదిహేడో తారీకు నుంచి తనే సర్దేస్తుంది.

సర్దితే సర్దుకోనీ. నాలుగువందల పదకొండు సర్దుకోనీ.

హెడ్డాఫీసు రెండో అంతస్తు స్విచ్చులో నాలుగు లైన్లున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడింటి వరకు, ఆ అంతస్తులో నెట్టు ఉండకూడదు. రాసి తొమ్మిదేళ్ళయింది. రాసింది నేనని ఎవరికీ తెలీదు.

ఆ అంతస్తులో మా ఆవిడ పనిచేస్తుంది.

మార్చి 4

మొదటి రిపోర్టు. మొత్తం తేడాలు 1,106. నాది అందులో ఒకటి. హాయిగా నిద్రపోతాను.

మార్చి 6, గురువారం

నేను చేసింది తప్పేం కాదు. ఇది రాసి పెట్టుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు తడబడకుండా ఉంటాను.

మా ఆవిడది క్లెయిముల సెక్షను. దారిలో పోయిన పార్సిళ్ళు, పగిలిన పార్సిళ్ళు, వేరే ఇంటికి చేరిన పార్సిళ్ళు. ఇరవై ఇద్దరు మనుషులు, వాళ్ళ మీద ఒక మేనేజరు. ఆయన పేరు పెట్టి ఎవరూ పిలవరు, ఇంకొక్కటి గారు అంటారు. సరిగ్గా ఐదూ ఇరవై అయిదుకి లేచి, బల్లల మధ్య తిరుగుతూ, "ఇంకొక్కటి చూసి వెళ్ళండమ్మా, ఇంకొక్కటి" అంటాడు. ఆ ఒక్కటీ ఎనిమిదిన్నరకి గానీ అవదు. నాకు పొద్దున ఎనిమిదికే డ్యూటీ కాబట్టి ఐదింటికి ఇంటికొచ్చేవాణ్ణి. వచ్చి గోడలకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. తను వచ్చేసరికి నోట్లోంచి మాట ఊడిపడే ఓపిక ఉండేది కాదు.

పాపం ఇరవై ఇద్దరు. వాళ్ళ కోసమే చేశాను.

మొదటి వారం ఇంకొక్కటి గారు పరిగెత్తుకుంటూ కిందికొచ్చాడు. "సాయంత్రమే ఎందుకు పోతోందయ్యా?" నోటికొచ్చింది చెప్పాను: పడమటి గోడ మీద ఎండ పడుతుంది సార్, గోడమీద వైరు పెట్టె వేడెక్కుతుంది. ఆ మనిషి నమ్మాడు. గోడకి తెల్ల రంగు వేయించాడు. ఐదున్నరకి పోయింది. కిటికీలకి పరదాలు కట్టించాడు. పోయింది. చలికాలంలో వచ్చి "ఇప్పుడు ఎండ లేదుగా?" అంటే, "చలికి వైరు ముడుచుకుంటుంది సార్" అన్నాను. చివరికి ఆ పెట్టె మీద గొడుగు కట్టించాడు. నల్ల గొడుగు. ఆరేళ్ళుగా గోడకి వేలాడుతోంది. గాలికి రెండుసార్లు ఎగిరిపోతే కొత్తది కొన్నాడు.

ఆ ఇరవై ఇద్దరూ ఇప్పుడు ఐదున్నర చుట్టూ బతుకులు అల్లుకున్నారు. ఒకావిడ ఈత నేర్చుకుంది. ఒకాయన వాళ్ళ నాన్నని పార్కులో నడిపిస్తాడు. మా ఆవిడ ఆరింటికల్లా ఇంట్లో ఉంటుంది. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఇంకొక్కటి గారిలా మాట్లాడుతుంది. గొడుగు కింద నిలబడి ఆకాశం కేసి చూసే తీరు చేసి చూపిస్తుంది. నవ్వలేక చస్తాను. ఆ గంట కోసమే బతుకుతున్నానంటే అతిశయోక్తి కాదు.

తను సెలవు పెట్టిన రోజుల్లో ఆ నాలుగు లైన్లూ తీసేసేవాణ్ణి. జనాన్ని అనవసరంగా ఇబ్బంది పెట్టడం ఎందుకని.

మార్చి 11, మంగళవారం

తేడాలు 212కి దిగాయి. దీనికంతటికీ టిక్కుల మేడం కారణం. అత్తగారిని నడపడానికి కొత్తగా తీసుకున్న ఇంజనీరు. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి, రిపోర్టు కాయితం మీద వేసి ఒక్కొక్క లైనుకీ టిక్కు పెట్టుకుంటూ వస్తుంది. స్క్రీను మీద చూస్తే కళ్ళు మోసం చేస్తాయట.

"సార్, హెడ్డాఫీసు రెండో అంతస్తులో ఇదేంటి?"

"అదా... అది పాతది."

"ఎందుకు పెట్టారు?"

"ఎండ."

ఆవిడ నాకేసి చూసింది, కాయితం కేసి చూసింది. "ఎండకి నెట్టు ఆపడం ఏంటి సార్?"

"వైరు వేడెక్కకుండా. రద్దీ తగ్గిస్తే వేడి తగ్గుతుంది కదా."

పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఇంతకంటే మంచి అబద్ధం ఆడలేకపోయాను. సిగ్గేసింది. ఆవిడ టిక్కు పెట్టలేదు, ప్రశ్నార్థకం పెట్టింది.

మార్చి 12

తేడాలు 94.

మార్చి 13, గురువారం

"మీ మొహం ఏంటి అలా ఉంది?" అంది మా ఆవిడ. తలనొప్పి అన్నాను.

"మా ఇంకొక్కటి గారి మొహం చూడాలి మీరు, వెలిగిపోతోంది. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందట, సోమవారం నుంచి నెట్టు పోదట. ఈ నెలాఖరుకి పాత క్లెయిములన్నీ ఊడ్చేద్దామని లిస్టు వేశాడు. ఎన్నో తెలుసా? నాలుగువేల చిల్లర." స్టూలు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని వంటింట్లో అటూ ఇటూ నడిచింది. "ఇక మనకి ఎండతో పనిలేదమ్మా! ఇంకొక్కటి! ఇంకొక్కటి!"

నవ్వాను. నవ్వు సగంలో ఆగింది. తను ఓసారి చూసి మళ్ళీ స్టూలెక్కింది.

మార్చి 17, సోమవారం

అత్తగారు పొద్దున తొమ్మిదింటికి సర్దేసింది. తేడాలు 0. పెద్దాయన (మా డిపార్టుమెంటు హెడ్డు) స్వీట్లు పంచాడు. నేనూ తిన్నాను, ఏం చేస్తాను.

ఆరున్నర. ఉల్లిపాయలు తరిగాను. ఏడు. కూర దించాను. ఎనిమిదింపావుకి తలుపు చప్పుడైంది. తను చెప్పులు విప్పి, తిని, పడుకుంది. ఇంకొక్కటి గారి ఊసే ఎత్తలేదు.

మార్చి 18, మంగళవారం

నేనేం చేతులు ముడుచుకుని కూర్చునేవాణ్ణి కాదు. అత్తగారు గంట కొట్టినప్పుడే తిరుగుతుంది కదా. ఐదింటి చుట్టు అయిపోయాక, ఐదూ పదికి ఆ స్విచ్చులోకి దూరి నాలుగు లైన్లూ మళ్ళీ రాశాను. ఈలపాట పాడుకుంటూ ఇంటికొచ్చాను. ఆరు అయింది. ఆరున్నర అయింది. మనిషి లేదు.

ఎనిమిదిన్నరకి వచ్చి చెప్పింది. ఐదున్నరకి నెట్టు పోయిందట. జనం పది నిమిషాలు చూసి, సంచులు సర్దుకుని బస్టాపుకి చేరారట. ఆరింటికి అత్తగారు మళ్ళీ తిరిగి నా లైన్లు చెరిపేసి ఉంటుంది, నెట్టు వచ్చేసింది. ఇంకొక్కటి గారు మెట్లన్నీ దిగి, రోడ్డు మీద చేతులూపుకుంటూ, "వచ్చింది, వచ్చింది, రండమ్మా!" అని అరుచుకుంటూ బస్టాపుకి పరిగెత్తాడట. ఇరవై ఇద్దరినీ వెనక్కి తోలుకెళ్ళాడు. ఈత నేర్చుకున్నావిడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టేసిందట. దింపాడు.

తనకి నవ్వొచ్చే ఓపిక కూడా లేదు. నాకైతే ఏడుపొచ్చింది.

మార్చి 19

8:40.

మార్చి 20

8:35. "చపాతీ వద్దు, పాలు చాలు" అంది. ఇవాళంతా మాట్లాడింది అదే.

మార్చి 21, శుక్రవారం

దొరికింది!

ఇన్నాళ్ళూ అత్తగారికి ఎదురు తిరగబట్టే కదా దెబ్బతిన్నది. ఆవిడ చేతే చేయిస్తే సరి. ఆ నాలుగు లైన్లూ అచ్చులోనే రాసేస్తే తేడా అనే మాటే ఉండదు. పైగా ఎవరైనా తీసేసినా అత్తగారే గంటగంటకీ తెచ్చి పెడుతుంది. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

అచ్చులో ఏం మార్చినా రెండో మనిషి చదివి ఒప్పుకోవాలి. టిక్కుల మేడం చేతిలో పడితే నా పని అయిపోయినట్టే. సోమవారం ఆవిడకి పిల్లల స్కూల్లో మీటింగు, సగం రోజు సెలవు. ఆవిడ లేకపోతే పెద్దాయన ఒప్పుకోవాలి. పెద్దాయన చదవడు, ఫోన్లో బొటనవేలితో నొక్కుతాడు.

మార్చి 24, సోమవారం

గడియారాల సెట్టింగులు అరవై లైన్లు మార్చాలని ఎప్పట్నుంచో ఉంది. ఆ అరవైలో నలభై మూడో లైను దగ్గర నావి నాలుగు ఇరికించాను. ఎక్కడ అమలు చేయాలి అన్నచోట రెండో అంతస్తు అని రాశాను. పదకొండింటికి పంపాను. పదకొండూ రెండుకి పెద్దాయన బొటనవేలు పడింది. రేపు మధ్యాహ్నం నుంచి అమలు.

మేడం మధ్యాహ్నం వచ్చి "గడియారాలు సరిచేశారా సార్, థాంక్స్" అంది. మంచి మనిషి. కొంచెం మనసు పీకింది.

మార్చి 25, మంగళవారం

ముందు మంచి సంగతి. ఆరింటికి ఐదు నిమిషాల ముందు తను ఇంట్లో ఉంది. స్టూలెక్కి కూర్చుంది. నేను కత్తి, ఉల్లిపాయ పట్టుకున్నాను. తను కళ్ళజోడు ముక్కు మీదికి దించింది. అప్పుడు ఫోను మోగింది.

ఒక బ్రాంచి. రెండో అంతస్తులో నెట్టు లేదట. పెట్టేశాను, మళ్ళీ మోగింది. ఇంకో బ్రాంచి. అక్కడా రెండో అంతస్తే. మూడోది. నాలుగోది. అప్పుడు తట్టింది. చేతిలో ఉల్లిపాయ కిందపడింది.

మా కంపెనీకి ముప్ఫై ఒక్క బ్రాంచీలు. ముప్ఫై ఒక్కటికీ రెండో అంతస్తు ఉంది. నేను హెడ్డాఫీసు అని రాయలేదు. రాయాలని కూడా తట్టలేదు. తొమ్మిదేళ్ళుగా నాకు రెండో అంతస్తు అంటే ఒక్కటే.

ఆరువందల నలభై మంది లేచి ఇళ్ళకి పోయారు. డైరెక్టరు గారు ఏదో బ్రాంచి రెండో అంతస్తులో కూర్చుని వీడియో మీటింగులో మాట్లాడుతోందట, నోరు తెరిచినట్టే బొమ్మ ఆగిపోయిందట. తీసేద్దామంటే అచ్చులో ఉంది, మళ్ళీ రెండో మనిషి ఒప్పుకోవాలి. పెద్దాయన ఫోను ఎత్తడు. ఆఫీసుకి పరిగెత్తాను. టిక్కుల మేడం అప్పటికే కూర్చుని ఉంది. మార్పు రాశాను, ఆవిడ అరవై నాలుగు లైన్లూ చదివి గానీ ఒప్పుకోలేదు. నలభై మూడో లైను దగ్గర ఆగి, నాకేసి ఒక్క చూపు చూసింది.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. వారం తర్వాత తను ఆరింటికి ఇంట్లో ఉంటే, నేను ఆఫీసులో ఉన్నాను.

మార్చి 26

ఎల్లుండి విచారణ. ఎవరు రాశారు, ఎన్నింటికి రాశారు, ఎవరు నొక్కారు, అన్నీ అత్తగారు దాచుకుంది. పెద్దాయన నాతో మాట్లాడటం మానేశాడు.

మార్చి 27, గురువారం

తనకి చెప్పేశాను.

చెప్పడానికి ఉల్లిపాయలు అడ్డం పెట్టుకుందామనుకున్నాను, కళ్ళ నీళ్ళకి సాకు ఉంటుందని. తను కత్తి లాక్కుని తనే తరగడం మొదలెట్టింది. నిలబడి చెప్పాను. నాలుగు లైన్లు, ఎండ, అత్తగారు, అచ్చు, అందరి కోసమే చేశానని, అన్నీ. తను తరుగుతూనే ఉంది.

"అయిందా?" అంది.

"అయింది."

"మా చెల్లెలి పురిటికి పధ్నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను, గుర్తుందా? ఎనిమిదేళ్ళయింది. తిరిగొచ్చాక మావాళ్ళు చెప్పారు, నువ్వు లేని రోజుల్లో నెట్టు ఒక్కసారీ పోలేదే అని. నేను సెలవు పెడితే ఎండ కాయదా అండీ?"

తన స్టూలు మీద నేను కూలబడ్డాను.

"నాకప్పుడే తెలిసిపోయింది. ఆ గొడుగు ఐడియా ఎవరిదనుకున్నారు? నాదే. ఇంకొక్కటి గారికి నేనే చెప్పాను. లేకపోతే ఆయన ఆ వైరు మార్పించేసేవాడు, మీ బండారం అప్పుడే బయటపడేది."

ఎనిమిదేళ్ళు! ఆ గొడుగు గురించి నా ఎదురుగా ఎన్నిసార్లు నవ్విందో, నేను ఏమీ ఎరగనట్టు ఎన్నిసార్లు నవ్వానో. ఎవరు ఎవరికి నాటకం చూపించారో ఇప్పుడు తేల్చడం నా వల్ల కాదు. నవ్వబోయాను.

"నవ్వకండి," అంది. కత్తి కింద పెట్టింది. "మూడేళ్ళ కింద ఒక ముసలాయన చెవి మిషను పార్సిల్లో పోయింది. ఆ రోజుతో గడువు ఆఖరు. ఐదున్నరకి సగం ఫారం నింపి ఉన్నాను. నెట్టు పోయింది. వానలో స్టేషన్ ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ కొట్టు దాకా నడిచి అక్కణ్ణుంచి పంపాను. మీకేమో బస్సు తప్పిపోయిందని చెప్పాను."

ఆ రోజు నాకు గుర్తుంది. తను ఆలస్యమైందని అలిగి కూర మాడ్చాను.

"అందరి కోసం చేశానంటారేంటి? నా కోసం అని కూడా అనకండి. మీకు తోచక చేశారు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, 'ఇంటికి రావే, నాకు తోచట్లేదు' అని నన్ను అడిగారా? నెట్టు పీకేశారు గానీ."

అడగలేదు. నిజంగా అడగలేదు.

మార్చి 28, శుక్రవారం

విచారణ. డైరెక్టరు గారు, పెద్దాయన, ఇంకొక్కటి గారు, టిక్కుల మేడం, నేను. దాచడానికేమీ మిగల్లేదు కాబట్టి మొత్తం చెప్పాను, ఎండతో సహా.

ఇంకొక్కటి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మెల్లిగా "అయితే ఆ గొడుగు?" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పాపం ఆ మనిషి గాలికి ఎగిరిపోయిన ప్రతిసారీ తనే నిచ్చెన ఎక్కి కట్టేవాడట.

డైరెక్టరు గారు టిక్కుల మేడంని అడిగింది, మంగళవారం ఎన్ని ఫిర్యాదులొచ్చాయని.

"పదకొండు మేడం."

"ఎవరు?"

"పదకొండు మందీ మేనేజర్లే."

"మిగతా ఆరువందల మందీ?"

"ఇళ్ళకి వెళ్ళారు మేడం."

డైరెక్టరు గారు పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోడానికే అని నేననుకుంటున్నాను, కోపానికి కూడా కావచ్చు. ఉద్యోగం ఉంది. కానీ ఆరు నెలలు నా చేతులు కట్టేశారు. స్విచ్చులన్నీ చూడొచ్చు, ఒక్క అక్షరం మార్చకూడదు. పెద్దాయన బొటనవేలికి కూడా ఆరు నెలలు సెలవు. బయటికొస్తుంటే టిక్కుల మేడం, "ఎండ కంటే మంచిది ఏదైనా చెప్పాల్సింది సార్" అంది.

ఇంకొక్కటి గారికి క్షమాపణ చెప్పాను. ఆయన తల ఊపి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మార్చి 29, 30

ఇద్దరం ఇంట్లోనే. తను మాట్లాడుతోంది, తక్కువగా.

మార్చి 31, సోమవారం

టిక్కుల మేడం దగ్గరికి ఒక ఫారం వచ్చింది. నాకు చూసే హక్కు ఉంది కాబట్టి చూశాను.

మార్పు కోరుతున్నవారు: హెడ్డాఫీసు, రెండో అంతస్తు, క్లెయిముల సెక్షను. ఏం కావాలి: రోజూ సాయంత్రం ఐదున్నరకి నెట్టు ఆపాలి, గడువు దగ్గరపడ్డ క్లెయిముల కోసం కిటికీ పక్క కంప్యూటరు ఒక్కటి తెరిచి ఉంచాలి, దాని దగ్గర వంతులవారీగా ఒకరు కూర్చుంటారు. కారణం: ఇంటికి వెళ్ళాలి. కింద ఇరవై రెండు సంతకాలు, మొదటిది మా ఆవిడది. అన్నింటి కిందా ఇంకొక్కటి గారి సంతకం కూడా ఉంది. ఐదున్నర అన్నది కొట్టేసి, తన చేత్తో ఐదూ నలభై అయిదు అని రాసుకున్నాడు.

మేడం ఫారం అంతా చదివి టిక్కు పెట్టింది. హెడ్డాఫీసు అని రెండుసార్లు సరిచూసుకుంది, నాకు వినపడేలా. తొమ్మిదేళ్ళ నా దొంగతనం అరగంటలో అచ్చులోకి ఎక్కింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

కిటికీ పక్క కంప్యూటరు దగ్గర మొదటి వంతు ఎవరిదని పొద్దున అడిగాను. "నాదే," అంది.

ఐదింటికి నేను ఇంటికి వెళ్ళలేదు. ఐదూ నలభై అయిదుకి నెట్టు ఆగింది, జనం కబుర్లు చెప్పుకుంటూ మెట్లు దిగారు, ఈతావిడ అందరికంటే ముందు. వాళ్ళకి అడ్డం పడుతూ నేను పైకెక్కాను. ఈ అంతస్తు స్విచ్చులోకి లెక్కలేనన్నిసార్లు దూరాను గానీ, సాయంత్రం పూట ఈ గదిలోకి రావడం ఇదే మొదటిసారి. బల్లలన్నీ ఖాళీ. చివర కిటికీ దగ్గర తను ఒక్కతే.

గొంతు సవరించుకున్నాను. నా వయసు నలభై ఎనిమిది, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కాలరు సరిచేసుకున్నాను.

"ఇంటికి వస్తావా?" అన్నాను. "నాకు తోచట్లేదు."

తను వెనక్కి తిరిగింది. తర్వాత కళ్ళజోడు ముక్కు చివరికి దించి, గొంతు మార్చి, "కూర్చోవయ్యా," అంది. "ఇంకొక్కటి చూసి వస్తాను."

కూర్చున్నాను. ఆరూ ఇరవై దాకా కూర్చున్నాను. కిటికీలోంచి పడమటి గోడ కనిపిస్తుంది. ఎండ నిజంగానే నేరుగా దాని మీదే పడుతోంది. గొడుగు ఇంకా అక్కడే ఉంది, దాని నీడలో పెట్టె ఉంది.